ఏది నొక్కినా ఏమీ కానిది

నలభై ఒక్క శాతం అంటోంది తెర. పది నిమిషాల క్రితం కూడా నలభై ఒకటే అంది, మధ్యలో ఒకసారి మాత్రం "మీ కోసం అన్నీ అందంగా సర్దుతున్నాం, కాస్త ఓపిక పట్టండి" అని ముద్దుగా పలికింది, ఎవరడిగారమ్మా నిన్ను అందంగా సర్దమని, వెనకటి కంప్యూటర్లు నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో తప్పు జరిగితే జరిగిందని మొహం మీదే చెప్పేవి, ఇప్పటివి బట్టల కొట్టు గుమాస్తాలా నవ్వుతూనే ఉంటాయి, అసలు సంగతి చెప్పవు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఇంతే, పాతదానికి రంగు మార్చి, ఎడమ వైపు బొమ్మలన్నీ మధ్యలోకి జరిపి, నిన్నటిదాకా అన్నీ తెలిసినవాణ్ణి ఇవాళ ఏమీ తెలియనివాణ్ణి చెయ్యడం. పాతదాని బాగోగులు ఇక మేం చూడం అని దాన్ని చేసినవాళ్ళే చేతులెత్తేశారు కాబట్టి చెల్లెలు ఈ ల్యాప్‌టాప్ కొన్నది, కొన్నది కాబట్టి నాకు ఫోన్ చేసింది, పద్దెనిమిది నెలల తర్వాత. "అన్నయ్యా, ఓసారి రా. దీనికి వైరస్ రాకుండా ఏది వెయ్యాలో నువ్వే చూసి వెయ్యి. నేను ఏది నొక్కినా ఏమీ కాకుండా ఉండేది చూడు" అంది. అలాంటిది ఒకటుంటే మనిషన్నవాడికి బుర్రతో పనేముంది అని మామూలుగా అయితే నవ్వేవాణ్ణి. నవ్వలేదు. వస్తానన్నాను.

గోడ పలచన. అవతల గదిలో చెల్లెలు ఒక దర్జీకి మాటలు నేర్పుతోంది, పక్షవాతం వచ్చి నోరు పడిపోయిన మనిషి, చేతులు బాగానే ఉన్నాయట, గుడ్డ ఇస్తే ఇప్పటికీ కొలత తప్పకుండా కత్తిరిస్తాడట, ఆ కత్తిరించేదాని పేరు మాత్రం నోటికి రాదు. కత్, కత్, అంటున్నాడు. తొందరేం లేదు అంటోంది చెల్లెలు. కత్, అంటున్నాడు మళ్ళీ. ఇదే పని తనకి, రోజుకి ఆరుగురు, ఒక్కొక్కరికి గంట, నాకైతే ఆ గంటలో ఆరుసార్లు పిచ్చెక్కేది. నేనైతే ఆ మాటేదో నేనే అనేసి లేచిపోయేవాణ్ణి. మా ఇద్దరినీ ఒకే తల్లి కన్నదంటే ఎవరూ నమ్మరు, దానికి ఓపిక, నాకు నోరు. ఈ గంట అయ్యేసరికి దర్జీ వెళ్ళిపోతాడు, తను ఈ గదిలోకి వస్తుంది, ఏది వేశావన్నయ్యా అని అడుగుతుంది, నేను ఏదో ఒకటి చెప్పాలి. గోడ గడియారంలో ఇంకా నలభై నిమిషాలున్నాయి.

నలభై రెండు శాతం. శభాష్. ఈలోగా నా ఫోన్‌లో చూద్దాం కదా అని "మంచి యాంటీవైరస్ ఏది" అని కొట్టాను, కొట్టగానే ఊరూవాడా లేచి వచ్చారు. పది ఉత్తమ యాంటీవైరస్‌లు, ఏడు అత్యుత్తమ యాంటీవైరస్‌లు, నిపుణులు పరీక్షించిన అయిదు. ఎవరయ్యా ఈ నిపుణులు, అందరి జాబితాలోనూ మొదటిది ఒకటే, దాని కింద కొనండి అనే పచ్చ మీట ఒకటే, మీట నొక్కితే రాసినవాడికి వాటా. పెళ్ళికొడుకు మంచివాడేనా అని పెళ్ళికొడుకునే అడిగినట్టుంది. ఒకడు గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్నాడు, రాత్రంతా మేలుకుని కాస్తాడట. ఇంకొకడిది తాళంకప్ప, ఇంకొకడిది ఇనప చొక్కా వేసుకున్న మనిషి. ఒకడు మరీ ఘనుడు, మీ కుటుంబాన్ని ప్రేమిస్తే మా దగ్గర కొనండి అన్నాడు, అంటే కొననివాళ్ళంతా పెళ్ళాంబిడ్డల్ని వదిలేసినవాళ్ళే కాబోలు. భయపెట్టడమే వీళ్ళ వ్యాపారం. ముందు దడిపించి తర్వాత తాయెత్తు అమ్మేవాడు వెనకటికీ ఉన్నాడు, కాకపోతే వాడు కాలినడకన వచ్చేవాడు. ఇక బ్రౌజర్‌కి తగిలించే రక్షణలు వేరే, అవి చిన్న చిన్నవి, ఉచితం, ఇంటర్నెట్‌లో నువ్వు ఏ పేజీ తెరిచినా చెడ్డదైతే ఎర్రగా చూపిస్తాయట, బాగానే ఉందనుకుని ఒకదాని వివరం తెరిస్తే అడుగున ముచ్చటగా ఒక వాక్యం, మీరు చూసే అన్ని పేజీల్లోని సమాచారాన్నంతా చదవడానికీ మార్చడానికీ అనుమతి ఇవ్వండి అని. ఇంటికి కాపలా పెట్టుకుంటే వాడు ముందు పెట్టెల తాళాలూ, మన ఉత్తరాలూ, వాటిని దిద్దే అధికారమూ అడిగాడన్నమాట. దీన్ని కోటి మంది దించుకున్నారని కింద గర్వంగా రాసుకున్నారు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగేవాళ్ళు కోటి మందే ఉన్నారంటే నాకు ఆశ్చర్యంగా ఉంది, ఇంకా ఎక్కువే ఉండాలి.

చెల్లెలి మొగుడు ఇంకో రకం. వచ్చేటప్పుడు గుమ్మంలో కనిపించాడు, కొత్త ల్యాప్‌టాప్ కెమెరా మీద గాయాలకి వేసే ప్లాస్టర్ ముక్క అంటించి, ఇప్పుడు ఎవడూ చూడలేడు బావా అన్నాడు. బ్యాంకు పాస్‌వర్డ్ రాసిన కాగితం మాత్రం ల్యాప్‌టాప్ సంచిలోనే పెట్టాడు, మర్చిపోకుండా. దొంగోడు మొహం చూడకూడదు కానీ తాళం తీసుకోవచ్చు. అదివరకైతే ఆ ఒక్క ప్లాస్టర్ మీద ఆర్నెల్లు బతికేవాణ్ణి, ప్రెస్సులో రోజూ చెప్పి నవ్వించేవాణ్ణి. ప్రెస్సులో నన్ను డాక్టరు అంటారు, పుస్తకాలకి పేజీలు కట్టే పనివాణ్ణే నేను, కానీ ఎవడి కంప్యూటర్ మొండికేసినా నా దగ్గరికే రావాలి. ఒకడు మూడు యాంటీవైరస్‌లు వేసుకుని వచ్చాడు ఒకసారి, ఒకటి పోయినా రెండుంటాయట, ఆ మూడూ ఒకదాన్నొకటి దొంగ అనుకుని కలబడి కంప్యూటర్‌ని పడుకోబెట్టాయి, ముగ్గురు కాపలావాళ్ళు చీకట్లో ఒకడినొకడు కొట్టుకున్నట్టు. వాడిని పదిమంది ముందు నిలబెట్టి అడిగాను, మూడు జతల చెప్పులు కూడా ఒకేసారి తొడుక్కుంటావా అని. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు పాపం, మొహం ఎర్రగా చేసుకుని. తెలియనివాళ్ళంటే నాకు మొదటినుంచీ లోకువ, దాన్ని దాచుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. దాచుకోవలసింది వేరే ఉంది.

ప్రెస్సులో ఒక ఆచారం ఉంది. ఏ సాఫ్ట్‌వేరూ కొనం. అక్షరాల ఫాంట్లు కొనం, పేజీలు కట్టేది కొనం, బొమ్మలు దిద్దేది కొనం, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి, పక్కింటికి పంచదార కోసం గిన్నె పంపినట్టు ఒక ప్రెస్సు నుంచి ఇంకో ప్రెస్సుకి తిరుగుతుంటుంది, తాళం పగలగొట్టిన సరుకు, పుట్టి బుద్ధెరిగాక మాలో ఎవడూ ఇంకోలా చేసింది లేదు. దాన్ని వేసే పద్ధతి కూడా ఒకటే, ముందు కంప్యూటర్లో ఉన్న రక్షణని ఆపెయ్యాలి, ఆపకపోతే అది దొంగ దొంగ అని గోల పెడుతుంది, పెడితే మేం విసుక్కుంటాం, దీనికి అన్నీ అనుమానాలే అని. అరిచే కుక్కని కట్టేసి వచ్చినవాడికి కుర్చీ వెయ్యడం. ఇన్నేళ్ళలో ఏమీ కాలేదు, కాలేదు కాబట్టి అదే సరైన పద్ధతి అనుకున్నాం, కొనుక్కునేవాళ్ళని చూసి జాలిపడ్డాం, అంటే నేను పడ్డాను, కొనడం చేతకానివాళ్ళ పని అని ఎన్నిసార్లన్నానో. ఆ పెన్‌డ్రైవ్‌లో ఒక యాంటీవైరస్ కూడా ఉండేది, చాలా ఖరీదైనది, తాళం పగలగొట్టింది. దొంగసరుకుగా వచ్చిన కాపలావాడు. అప్పుడు ఇందులో నవ్వాల్సింది ఏమీ కనిపించలేదు నాకు.

కత్, కత్తి, అన్నాడు దర్జీ. దగ్గరికొచ్చారు అంది చెల్లెలు, కత్తి కాదు, దానికి చుట్టమే, మళ్ళీ చూడండి. ఆ గొంతు అచ్చం అమ్మతో మాట్లాడినప్పటి గొంతే. అమ్మకి పక్షవాతం వచ్చిన కొత్తలో లోకంలో ఉన్న వస్తువులన్నింటికీ ఒకటే పేరు, గడియారం. నీళ్ళు కావాలన్నా గడియారం, దుప్పటి కప్పమన్నా గడియారం, నేను వెళ్తే నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని గడియారం అంది, నేను తట్టుకోలేక బయటికి వచ్చి ఆసుపత్రి వాళ్ళని తిట్టాను. చెల్లెలు తిట్టలేదు, రోజూ సాయంత్రం అమ్మ మంచం పక్కన కూర్చుని ఏడు నెలలు నేర్పింది, నేర్పినవన్నీ రికార్డు చేసింది. అది దాని పద్ధతి, వచ్చిన ప్రతి మనిషికీ మొదటి రోజు గొంతు రికార్డు చేస్తుంది, మూడు నెలలయ్యాక అది వాళ్ళకి వినిపిస్తుంది, ఎక్కడినుంచి ఎక్కడికొచ్చారో చూడండి అని, నాకేం రావట్లేదని ఏడ్చేవాళ్ళు కూడా అది విని లేచి కూర్చుంటారట. అమ్మ చివరికి ఒక పూర్తి వాక్యం అన్నది. ఆ రోజు చెల్లెలు ఫోన్ చేసి నవ్వు ఆపుకోలేక, విను విను అంటూ పెట్టింది. "వాడికి నోరెక్కువ." ఎవరికమ్మా అని చెల్లెలు అడిగితే, నా పేరు అనలేక నా ఎత్తు చూపించిందట చేత్తో. ఏడు నెలలు కష్టపడి తల్లి మొదట కూడదీసుకున్న మాట అది, నా గురించి. ఒక్కసారే విన్నాను, తర్వాత తీరిగ్గా వింటాలే అనుకున్నాను. అమ్మ ఇంకో నెలకి పోయింది. ఆ తర్వాత రెండు నెలలకి ఆ రికార్డులన్నీ పోయాయి, అమ్మవీ, నలభై ముగ్గురు రోగులవీ.

నేనే పోగొట్టాను. ఈ వాక్యం ఇంత చిన్నదని ఇప్పుడు అనుకుంటే తెలుస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం చెల్లెలి కంప్యూటర్ నెమ్మదించిందంటే వచ్చాను, దాంట్లో ఉన్న మామూలు రక్షణని చూసి మూతి విరిచాను, ఇలాంటి చెత్తా నువ్వు వాడేది అని పెన్‌డ్రైవ్ తీశాను, పద్ధతి ప్రకారం కుక్కని కట్టేశాను, ఖరీదైనదాన్ని వేశాను. కాపీలు ఇంకెక్కడన్నా పెట్టుకోమంటావా అని అడిగింది చెల్లెలు, నేనున్నాను కదా అన్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్, ఏ ఫైలూ తెరుచుకోవట్లేదన్నయ్యా, పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలున్నాయి, డబ్బు కడితేనే తెరుస్తామని ఇంగ్లీషులో ఉంది అని. పరుగెత్తుకుంటూ వచ్చాను. తను అవతల గదిలో ఎవరికో మాటలు నేర్పుతోంది, ఇదే గోడ, ఇదే కుర్చీ. వేళలు చూశాను. నేను వేసింది మూడూ నలభైకి. మొదటి ఫైలుకి తాళం పడింది మూడూ యాభై రెండుకి. అప్పుడు చెల్లెలు ఈ గదిలోనే లేదు. కంచే చేను మేసింది, ఆ కంచె నేను నాటింది. చూసి ఏం చేశానంటే నేను వేసినదాని ఆనవాళ్ళన్నీ తుడిచేశాను, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను, చేతులు వణకలేదు, ఆ సంగతి నాకు బాగా గుర్తు. తర్వాత తను వస్తే అడిగాను, ఏం నొక్కావు అని. గుమ్మడికాయల దొంగ అంటే దొంగే భుజాలు తడుముకుంటాడంటారు, మా ఇంట్లో దొంగ కానిది తడుముకుంది. నిన్న పొద్దున కొరియర్ వాళ్ళదని ఒక మెయిల్ వస్తే తెరిచాను, అదేనా అంది. అదే అన్నాను. అక్కడితో ఊరుకుంటే మనిషిననిపించుకునేవాణ్ణి, ఆ ఆదివారం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఎవరో అమ్మ మాట ఎత్తితే, అమ్మ గొంతు కూడా మిగల్చలేదు మహాతల్లి అన్నాను. పళ్ళెం పక్కకి పెట్టి లేచి వెళ్ళింది. మళ్ళీ మొన్నటిదాకా ఫోన్ చెయ్యలేదు.

ఎనభై ఎనిమిది. ఇప్పుడు పరుగులు పెడుతోంది, నాకు అక్కర్లేనప్పుడు. తొంభై ఏడు. అయిపోయింది, స్వాగతం అంటోంది, ముందుగానే వేసి పంపిన ఒక యాంటీవైరస్ అప్పుడే మూల నుంచి తొంగి చూసి, మీరు ప్రమాదంలో ఉన్నారు, ముప్పై రోజులు ఉచితం అంటోంది. కంప్యూటర్ కళ్ళు తెరిచి నిమిషం కాలేదు, అప్పుడే ఏం ప్రమాదమే దానికి. తీసేశాను. గుడ్లగూబనీ కొనలేదు, తాళంకప్పనీ కొనలేదు. ఎందుకంటే డాక్టరుగా నాకు తెలిసిన నిజం ఇది, ఈ కొత్త సిస్టమ్‌తో పాటు వచ్చే రక్షణే మామూలు మనిషికి చాలు, దాన్ని ఎప్పటికప్పుడు తాజా చెయ్యనివ్వాలి, దాని అరుపుని వినాలి, బ్రౌజర్‌కి ఊరూపేరూ లేనివి తగిలించకూడదు, ముఖ్యమైనవి ఇంకోచోట కాపీ ఉంచుకోవాలి. అంతే. కానీ ఇది చెబితే చెల్లెలు ఒక ప్రశ్న అడుగుతుంది. నెమ్మదస్తురాలే కానీ తెలివితక్కువది కాదు. పాతదాంట్లో కూడా అదే రక్షణ ఉండేది కదన్నయ్యా, మరప్పుడు ఎందుకు అరవలేదు అంటుంది. అదే ఆ గుడ్లగూబని పెద్ద ఖరీదు పెట్టి కొని వేశాననుకో, ఏ ప్రశ్నా ఉండదు, నీలాంటిదానికి ఇంత పెద్ద తాళం కావాలి మరి అని తలుపు మీద రాసి వెళ్ళినట్టు, రోజూ ల్యాప్‌టాప్ తెరిచినప్పుడల్లా ఆ గుడ్లగూబ మూలనుంచి చూస్తుంది, నేను నొక్కకూడనిది నొక్కినదాన్ని అని తను రోజూ అనుకుంటుంది, మెయిల్ వస్తే చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. ఇప్పుడు అలాగే ఉంది కదా, బల్ల మీద నోటు పుస్తకాలు దొంతరగా, రికార్డు చెయ్యడం మానేసి చేత్తో రాసుకుంటోంది, పైదాంట్లో దర్జీ పేజీ తెరిచి ఉంది, "క వస్తోంది, త దగ్గర ఆగుతున్నారు, ఇవాళ రెండుసార్లు నవ్వారు" అని. గొంతుని అక్షరాల్లో పట్టాలని చూస్తోంది, నా వల్ల. లోకంలో ఉన్న వెర్రివాళ్ళందర్నీ ఈ గంటలో వరసబెట్టి తిట్టాను, వాళ్ళలో ఒక్కడూ ఇంత పని చెయ్యలేదు, ప్లాస్టర్ అంటించినవాడు కూడా తన పెళ్ళాం మొబైల్‌కి ఒక ప్లాస్టర్ అంటించి ఉంటాడే తప్ప తన తప్పు ఆవిడకి అంటించలేదు.

కత్తెర. అవతల గదిలో దర్జీయే అన్నాడు, మళ్ళీ అన్నాడు, కత్తెర, కత్తెర, కత్తెర, ఎవరన్నా లాక్కుంటారేమో అన్నట్టు గబగబా. చెల్లెలు ఏదో అంది, తలుపు చప్పుడైంది, మెట్ల మీద దిగుతూ కూడా ఆయన అంటూనే ఉన్నాడు. అయిదు నిమిషాలు ముందే అయిపోయింది. నేను ఇంకా అయిదు నిమిషాలుంటాయనుకున్నాను.

తను వచ్చింది, మొహం వెలిగిపోతోంది, చేతులు చీర కొంగుతో తుడుచుకుంటూ ఏది వేశావన్నయ్యా అంది. ఏదీ వెయ్యలేదు, దీంతో వచ్చిందే చాలు అన్నాను. "చాలదేమో. నా సంగతి తెలుసుగా నీకు" అంది, నవ్వుతూనే అంది, ఆ నవ్వుని నేను ఇక చూడలేకపోయాను.

"ఆ రోజు నువ్వేం నొక్కలేదు" అన్నాను. "ఆ మెయిల్ ఉత్తుత్తిదే, దాంతో ఏమీ కాలేదు. నేను ప్రెస్సు నుంచి తెచ్చి వేసిందే తినేసింది అన్నింటినీ. దాన్ని వెయ్యడానికి నీ కంప్యూటర్లో ఉన్న రక్షణని ఆపింది కూడా నేనే."

తను రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుంది. చాలాసేపు నోటు పుస్తకాల వైపు చూసింది. తిడితే బాగుండును, తిట్టుకి తిట్టు నాకు వచ్చు. "నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది. ఇప్పుడే అనొచ్చు. ఇప్పుడే, ఇక్కడ కూర్చుని ఆలోచిస్తుంటే తట్టిందమ్మా అంటే నమ్ముతుంది, సగం క్షమిస్తుంది కూడా, ఆ మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది, చాలా సుఖంగా ఉంది అక్కడ.

"నువ్వు ఫోన్ చేసిన పొద్దున్నే" అన్నాను. "చూసి, అది కనిపించకుండా తుడిచేశాను. ఆ తర్వాతే నిన్ను అడిగాను."

తల ఊపింది, పాఠంలో ఒక అక్షరం ఎక్కడ ఆగుతోందో దొరికినప్పుడు ఊపినట్టు. నలభై మూడు ఇళ్ళకి ఫోన్ చేశాను అంది మెల్లగా, ఒక్కొక్కళ్ళకీ నా అజాగ్రత్త వల్ల మీవాళ్ళ గొంతు పోయిందని చెప్పి క్షమించమన్నాను, ఇద్దరు పోయారు కూడా ఈలోగా, వాళ్ళ ఇళ్ళల్లో అదొక్కటే మిగిలేది. అమ్మ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు తట్టుకోవడం కష్టమైంది. నేను క్షమించమనబోతే చెయ్యి ఎత్తి ఆపింది, కోపంగా కాదు, తర్వాతి మనిషి వచ్చే వేళయింది అన్నట్టు.

ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. తెర మీద, మీరు ఎవరో చెప్పి ఒక పాస్‌వర్డ్ పెట్టుకోండి అని ఉంది. అదివరకు తన పాస్‌వర్డులన్నీ పెట్టింది నేనే, తనకి గుర్తుండకపోతే నాకు ఫోన్ చేసేది. మీటల మీద వేళ్ళు పెట్టి ఆగింది.

"అటు తిరుగన్నయ్యా" అంది.

గోడ వైపు తిరిగాను. మీటల చప్పుడు మొదలైంది, ఒక్కొక్కటీ నెమ్మదిగా, తడబడకుండా. అలవాటు కొద్దీ తొమ్మిది దాకా లెక్కపెట్టి, లెక్క ఆపేశాను. తను ఇంకా కొడుతూనే ఉంది.